మాటలు బయటివాడికి, చిట్టా ఇంటివాడికి

కోయిలకుంట్లలో డిగ్రీ ముగించుకుని ఇంట్లో కూర్చున్న కుర్రవాడికి ఇంటిల్లిపాదీ ఇచ్చే సలహా ఒకటుంది. "ఎవరన్నా పెద్దాయన దగ్గరికి పోయి కూర్చో అబ్బీ. నాలుగు మంచి మాటలు చెవినబడతాయి. బతుకు తెలుస్తుంది." తండ్రి అదే చెప్తాడు, మేనమామ అదే చెప్తాడు. ఫోన్ తెరిస్తే అదే సలహా ఇంకో వేషంలో వస్తుంది: గెలిచినవాణ్ని వెతుక్కో, ఆయన్ని మెంటర్‌గా పెట్టుకో, ఆయనతో గడిపే ఒక్క గంట నీకు పదేళ్ల కష్టం తప్పిస్తుంది. ఆ పెద్దాయన ఎంత గుట్టుగా బతికితే అంత గొప్పవాడన్నమాట. సభలకు రాడు, పేపర్లో కనబడడు, ఎవరికీ ఏమీ చెప్పడు. నీకు చెప్తాడు.

ఈ నమ్మకం తప్పు. తప్పు కావడమే కాదు, మన పిల్లలకు హాని కూడా చేస్తోంది. పెద్దల మీద గౌరవం లేక ఈ మాట అనడం లేదు. వ్యాపారంలో నిలబడ్డ మనిషి దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంటుంది. అయితే అది ఆయన మాటల్లో ఉండదు. ఆయన లెక్కల్లో ఉంటుంది, చేతుల్లో ఉంటుంది, ఎవరికి అప్పిచ్చాడు, ఎవరికి ఇవ్వనన్నాడు అన్నదాంట్లో ఉంటుంది. అవేవీ చూపించకుండా మాటలు మాత్రం ఇచ్చే పెద్దమనిషి దగ్గర ఎన్నేళ్లు కూర్చున్నా కుర్రవాడికి వ్యాపారం రాదు. ఒక్కోసారి ఉన్నది కూడా పోతుంది.

ఎట్లా పోతుందో మన పంటతోనే చెప్తాను. కుందూ పరివాహకంలో నల్లరేగడి వానాకాలం తేమను నెలల తరబడి పట్టి ఉంచుతుంది. అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తితే ఆ తేమకే పండుతుంది. కోతలు మొదలయ్యేసరికి అందరి సరుకూ ఒకేసారి బయటికొస్తుంది, ధర దిగుతుంది. అప్పుడు కుర్రవాడు పోయి పెద్దాయన్ని అడుగుతాడు. ఆయన వాత్సల్యంతోనే చెప్తాడు: "తొందరపడొద్దు నాయనా. సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టు. ఓపిక పట్టినవాడికే ధర."

ఈ మాట అబద్ధం కాదు. ఆయన బతుకులో అది ఎన్నోసార్లు నిజమై ఉంటుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. 2025-26 రబీ మార్కెటింగ్ సీజనుకు శనగ మద్దతు ధర క్వింటాకు 5,650 రూపాయలు. సులువుగా ఉండేందుకు కోతల సమయంలో చేతికొచ్చే ధర 5,000 అనుకుందాం. సరుకు 100 క్వింటాళ్లు. పది నెలలు ఆగితే ధర 5,800 అయింది. పెద్దాయనకు అప్పు లేదు. క్వింటాకు 800 పెరిగింది కాబట్టి బాడుగ, హమాలీ, తరుగు తీయకముందు ఆయనకు 80,000 మిగులు. కుర్రవాడు పెట్టుబడికి నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు. సరుకు అమ్మి అప్పు తీర్చకుండా ఆపుకున్నాడు కాబట్టి 5,00,000 మీద పది నెలల వడ్డీ 1,00,000 అవుతుంది. ధర పెరిగింది, పెద్దాయన మాట నిజమైంది, కుర్రవాడు మాత్రం 20,000 పోగొట్టుకున్నాడు. బాడుగ, తరుగు ఇంకా తీయలేదు.

ఒకే ఊరు, ఒకే పంట, ఒకే సలహా. ఒకరికి లాభం, ఒకరికి నష్టం. తేడా అంతా ఆ సరుకు వెనకున్న డబ్బు ఎవరిదన్న దాంట్లో ఉంది. పెద్దాయన మాటలో అది లేదు. దాచిపెట్టాలని ఆయన దాచలేదు. తన డబ్బుతో వ్యాపారం చేసి చేసి, డబ్బుకు కూడా నెలనెలా ఖరీదు ఉంటుందన్న సంగతి ఆయన చాలాకాలం కిందటే మరిచిపోయాడు. ఓపిక తన గుణమనుకున్నాడు. నిజానికి అది ఆయన ఆస్తి. పైగా ఈ లెక్కలో ధర పెరిగిందనుకున్నాం. పెరగని ఏళ్లూ ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీల్లో శనగ మగ్గిపోతుంటే వడ్డీలు కట్టుకున్న కాలాన్ని కర్నూలు, ప్రకాశం జిల్లాల రైతులు చూశారు. ఓపిక పట్టమన్న మాట విని ఆగినవాళ్లు వాళ్లలో తప్పకుండా ఉంటారు. వాళ్ల దగ్గరికి పోయి కూర్చోమని ఏ తండ్రీ కొడుక్కి చెప్పడు. ఓడినవాడి లెక్క ఎవరికీ అక్కర్లేదు. కుర్రవాడికి గెలిచినవాడి మాటకన్నా ఎక్కువ పనికొచ్చేది అదే.

ఇక అదే పెద్దాయన్ని అంగట్లో చూడండి. రైతు గోతాం దించగానే మూతి దగ్గరి గింజలు చూడడు. చెయ్యి లోపలిదాకా పోనిచ్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. అరచేతిలో పరిచి ఊదుతాడు. ఒక గింజ పంటికింద పెడతాడు. పటుక్కుమంటే ఎండింది, మెత్తగా నలిగితే తేమ ఉంది. పుచ్చు, పప్పుబద్ద, మట్టిపెళ్ల ఎంతెంతో కంటితోనే తూచి ధర చెప్తాడు. రైతు బండి దిగినప్పటి నుంచి ఆయన ఇంకొకటి కూడా గమనిస్తూనే ఉంటాడు: ఈ మనిషికి డబ్బు ఇవాళే కావాలా, వారం ఆగగలడా? పోయినేడు ఇచ్చిన అప్పు ఎంత, అందులో జమ అయిందెంత? ఇదంతా కాటా మీదికి సరుకు ఎక్కేలోపే అయిపోతుంది. ఆ తర్వాత రోజువారీ చిట్టాలో ఒక వరుస రాస్తాడు, సాయంత్రం అది ఖాతాల పుస్తకమైన ఆవర్జాలోకి ఎక్కుతుంది. ఆయన వ్యాపార జ్ఞానమంతా ఆ గుప్పెట్లో, ఆ వరుసలో ఉంది. "మీ విజయరహస్యమేంది పెద్దాయనా?" అని అడగండి. "నిజాయితీ, కష్టం, దేవుడి దయ" అంటాడు. ఆయన అబద్ధమాడడం లేదు. తన చేతులు చేసే పని ఆయన నోటికి తెలియదు, అంతే.

ఇట్లా అడిగి రాబట్టుకున్న రహస్యాల మీదే ఇప్పుడొక పెద్ద వ్యాపారం నడుస్తోంది. దానికి మూలపురుషుడి లాంటి పుస్తకం రాబర్ట్ కియోసాకి రాసిన రిచ్ డాడ్ పూర్ డాడ్. 1997లో వచ్చింది. తెలుగులోకీ వచ్చింది. చదువుకున్న సొంత తండ్రి పేదగా మిగిలాడు, స్నేహితుడి తండ్రి మాత్రం చిన్నప్పుడే తనకు డబ్బు గుట్టు చెప్పాడు అని కథ. ఆ ధనిక తండ్రి పేరు పుస్తకంలో లేదు. ఆయన నిజంగా ఉన్నాడా అని పత్రికలవాళ్లు నిలదీస్తే, ఆయన్ని ఒక కల్పితగాథగానే ఉండనివ్వకూడదా అన్న ధోరణిలో రచయిత జవాబిచ్చాడు. తర్వాత ఎప్పటికో హవాయికి చెందిన ఒక హోటల్ వ్యాపారి పేరు బయటికొచ్చింది. ఉన్నాడా లేడా అన్నదానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. ఆ పెద్దాయన లెక్క ఒక్కటి కూడా మనం సరిచూడలేం. ఎంత పెట్టాడు, ఎంత పోగొట్టుకున్నాడు, ఎవరి డబ్బుతో మొదలుపెట్టాడు? ఏదీ తెలియదు. తెలియకపోవడమే అక్కడ ఆకర్షణ. గుట్టుగా ఉన్న గురువును ఎవరూ తనిఖీ చేయలేరు, కాబట్టి ఆయన పేరు మీద ఏ మాటైనా అమ్మొచ్చు. మన ఊళ్లలోనూ "నాకొక పెద్దాయన చెప్పాడు" అని మొదలయ్యే ప్రతి వ్యాపార ప్రవచనాన్నీ నేను ఈ ప్రశ్నతోనే వింటాను: ఆయన చిట్టా నువ్వు చూశావా?

వారెన్ బఫెట్‌తో ఒక్క పూట భోజనం కోసం జనం వేలం పాడిన సంగతి చాలామందికి తెలుసు. 2000 నుంచి 2022 దాకా ఒక సేవాసంస్థ కోసం ఆ వేలం నడిచింది. 2022లో 1.9 కోట్ల డాలర్లకు పోయింది. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో దాదాపు 150 కోట్లు. మెంటర్ మాటకు ఎంత విలువో చూడండి అని దీన్ని చూపిస్తారు. టెడ్ వెష్లర్ రెండుసార్లు ఆ భోజనం గెలిచి చివరకు బఫెట్ సంస్థలోనే పెట్టుబడులు చూసే స్థానానికి చేరాడు కదా అని కూడా అంటారు. చేరాడు. అయితే భోజనానికి కూర్చునేనాటికే ఆయన సొంత ఫండును పదేళ్లుగా నడుపుతున్నాడు. ఆ భోజనం ఆయనకు పని నేర్పలేదు, అప్పటికే వచ్చిన పనిని చూపించే చోటిచ్చింది. ఇక బఫెట్ ఎట్లా నేర్చుకున్నాడు? కొలంబియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ గ్రాహం తరగతిలో కూర్చుని, నిజంగా నడుస్తున్న కంపెనీల లెక్కలు విప్పి చదివాడు. జీతం లేకుండా పనిచేస్తానన్నా గ్రాహం మొదట చేర్చుకోలేదు. 1954లో తీసుకున్నాడు. రెండేళ్లు ఆ ఆఫీసులో కంపెనీల బాలెన్సుషీట్లు తిరగేస్తూ పనిచేశాడు. భోజనాల బల్ల దగ్గర కాదు, రాతబల్ల దగ్గర.

మన గడ్డ మీదే ఇంతకన్నా గట్టి కథ ఉంది. కోయిలకుంట్లకు దగ్గర్లోనే బనగానపల్లె. అక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువులు కాసిన పోతులూరి వీరబ్రహ్మం రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని మన నమ్మకం. ఆస్తిపాస్తులున్న అచ్చమ్మ తన ఇంటి పశులకాపరి దగ్గర ఉపదేశం పొందింది. గెలిచినవాణ్నే, డబ్బున్నవాణ్నే గురువు చేసుకోవాలన్న నేటి నియమం ఆ ఇంట్లో పనిచేయలేదు. అంతకంటే నన్ను పట్టి నిలిపేది కక్కయ్య కథ. తర్వాతి రోజుల్లో బ్రహ్మంగారు శిష్యుడు సిద్దయ్యకు దేహంలోని షట్చక్రాల గురించి, వాటిలో కొలువున్న దేవతల గురించి చెప్తుంటే దూరం నుంచి కక్కయ్య విన్నాడు. ఇంటికి పోయి నిద్రపోతున్న భార్యను కోసి చూశాడు. దేవతలెవరూ కనబడలేదు. ఏడుస్తూ వచ్చి "నీ మాట అబద్ధం, నా పెళ్లాం చచ్చిపోయింది" అని బ్రహ్మంగారిని నిలదీశాడు. బ్రహ్మంగారు లేచి వాళ్లింటికి నడిచిపోయి ఆమెను బతికించాడని కథ. ఎన్టీఆర్ సినిమా ద్వారా కూడా ఇది ఊరూరికీ తెలిసింది.

దీన్ని కక్కయ్య అమాయకత్వం కథగా చెప్పుకుని నవ్వడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. సిద్దయ్య, కక్కయ్య విన్నది ఒకే మాట. సిద్దయ్య గురువు పక్కనే ఏళ్లు గడిపాడు. ఏ మాట ఏ అర్థంలో చెప్తున్నాడో ఆయనకు తెలుసు. కక్కయ్యను కులం దూరంగా నిలబెట్టింది. దగ్గరికొచ్చి కూర్చుని "అంటే ఏంది సామీ?" అని అడిగే వీలు ఆయనకు లేదు. చెవినబడిన ముక్కనే పూర్తి విద్య అనుకుని ప్రాణంలాంటి మనిషిని పోగొట్టుకున్నాడు. తప్పు ఆ దూరానిది. ఈ కథలో గురువు నడవడి కూడా చూడాలి. "నేను నీకు చెప్పలేదు, నువ్వు సరిగ్గా అర్థం చేసుకోలేదు" అని బ్రహ్మంగారు తప్పించుకోలేదు. తన మాట ఒకరి ఇంట్లో చేసిన నష్టానికి తానే లేచి పోయి బాధ్యత తీసుకున్నాడు. ఓపిక పట్టమని చెప్పిన పెద్దాయన, కుర్రవాడు అప్పుల్లో మునిగాక ఆ ఇంటికి పోతాడా? పోయేవాడైతే ఆయన్ని నేను గురువని పిలుస్తాను.

నేర్పడం ఎట్లా ఉంటుందో చూడాలంటే ఆళ్లగడ్డ పోవాలి. అహోబిలం పోయే యాత్రికులు ఆ దారిన రాతి శిల్పాల పనిశాలలు చూసే ఉంటారు. ఆ శిల్పాలకు జీఐ గుర్తింపు కూడా దక్కింది. అక్కడ పనికి చేరిన పిల్లవాడికి మొదటిరోజే విగ్రహం ముట్టనివ్వరు. ఉలులకు పదును పెట్టడం, రాయి తిప్పి పట్టుకోవడం, పీఠం చదును చేయడం, చెక్కిన చోట నునుపు చేయడం. ఆ తర్వాత అంచు, పూలతీగ, నగలు. తాళమానం కొలతలు పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. కానీ సుత్తి దెబ్బ ఎంత బలంగా పడితే రాయి పొర లేస్తుందో, ఎంత పడితే ముక్కు విరుగుతుందో పెద్ద శిల్పి పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. ఆయన తప్పు దెబ్బను చెవితో పట్టేస్తాడు. తల తిప్పకుండానే "ఆపు" అంటాడు. విగ్రహానికి కళ్లు తెరిచే పని చివరిదాకా తన దగ్గరే ఉంచుకుంటాడు. శిష్యుడు అందుకు తయారయ్యాడో లేదో ఆయనకు తెలుసు, ఎందుకంటే శిష్యుడు వేసిన ప్రతి దెబ్బా ఆయన ముందే పడింది. ఈ విద్యలో మాట ఉంది, కానీ అది పని మధ్యలో, పని గురించి, పని తప్పినప్పుడు వచ్చే మాట. దాన్ని విడదీసి వీడియోలో పెడితే ఏమీ మిగలదు.

సేద్యంలో కూడా ఇంతే. ఒకప్పుడు మనవాళ్లు వేసింది అన్నిగేరి రకం శనగ. 1999లో విడుదలైన జేజీ 11 ఆ తర్వాత దాన్ని దాదాపు తుడిచిపెట్టింది. దాని వెనక పటాన్‌చెరు ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల కృషి ఉంది. ఎండు తెగులును తట్టుకుంటుంది, తొందరగా కోతకొస్తుంది. కానీ కోయిలకుంట్ల రైతు ఉపన్యాసం విని మారలేదు. పక్కచేలో పంటను గట్టు మీద నిలబడి చూశాడు. కాయ లెక్కపెట్టాడు, ఎకరాకు ఎన్ని బస్తాలయ్యాయో నూర్పిడి దగ్గర చూశాడు, మరుసటేడు విత్తనం అడిగి తెచ్చుకున్నాడు. పంట దాచలేనిది, కాబట్టి ప్రతి మంచి రైతూ చుట్టుపక్కల రైతులందరికీ అడక్కుండానే గురువయ్యాడు. వ్యాపారం అట్లా కాదు. గల్లాపెట్టెలో, ఆవర్జాలో, ఇప్పుడైతే ట్యాలీలో మూసుకుని ఉంటుంది. గట్టు మీద నుంచి కనబడదు. కనబడని చోటే మాటలకు గిరాకీ పుడుతుంది. సేద్యం నేర్చుకోవడానికి ఎవరూ మెంటర్ కోసం వెతుక్కోరు, వ్యాపారానికే వెతుక్కుంటారు అంటే కారణం ఇదే.

గెలిచినవాడి జీవితం నుంచి ముక్క విరుచుకుని సూక్తి చేసే అలవాటు నంద్యాల ప్రాంతంలో మరీ ఎక్కువగా చూస్తాం. ఎస్పీవై రెడ్డి మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేసి, దాన్ని వదిలిపెట్టి నంద్యాలకు వచ్చి ప్లాస్టిక్ తయారీలో దిగారు. 1984లో నంది పైపులు మొదలయ్యాయి. ఆ తర్వాత పార్లమెంటుకూ వెళ్లారు, రూపాయికే రొట్టె, పప్పు పెట్టించారు. 2019లో కన్నుమూశారు. ఈ జీవితం నుంచి ఏం తీసుకోవాలి? "ఉద్యోగం వదిలెయ్, ధైర్యం చెయ్" అని తీసుకున్నారు చాలామంది. ఆయన వదిలిన ఉద్యోగం ఏమిటో చూశారా? యంత్రం గురించి చదివి, దేశంలోకెల్లా కఠినమైన సాంకేతిక సంస్థలో పనిచేసి వచ్చిన మనిషి. నీళ్ల కోసం పైపులు వేసుకునే సీమలో పైపులు తయారు చేశాడు. ధైర్యం ఆయనకు ఉండేదే, అయితే అది చేతిలో పని ఉన్నవాడి ధైర్యం. ఏ పనీ రాని ధైర్యాన్ని పిల్లవాడికి ఎక్కించి అప్పు ఇప్పించి అంగడి పెట్టించడం ప్రేరణ అనిపించుకోదు.

"సరే, వ్యాపారం మాటల్లో రాదు. మరి జీవితం? పెద్దల మాట చద్దిమూట అని ఊరికే అన్నారా?" అని అడిగేవాళ్లుంటారు. జీవితం విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు ఈ ప్రాంతంలో తెలియనివాళ్లుండరు. 1866 కరువులో తన గాదెలు తెరిచి వేలమందికి నెలల తరబడి గంజి, అన్నం పోశాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆయన మీద జనం కట్టుకున్న పాటలు ఇప్పటికీ పాడతారు. నేను విన్న పాటల్లో, కథల్లో ఆయన చేసిన పని ఉంది, ఉపదేశం లేదు. దానం గురించి ఆయన ఏం చెప్పాడో ఎవరూ చెప్పుకోవడం లేదు. ఆ పొయ్యిల దగ్గర నిలబడి వడ్డించినవాళ్లు, కట్టెలు మోసినవాళ్లు, గాదె ఎంత మిగిలిందో రోజూ కొలిచి చూసినవాళ్లు దానం అంటే ఏమిటో నేర్చుకుని ఉంటారు. గాదె అడుగు కనబడుతున్నా రేపటి పొయ్యి వెలిగించమనడం ఏమిటో వాళ్లు కళ్లారా చూసి ఉంటారు.

మన సీమకు ఈ నమ్మకం చేసిన మరో నష్టం చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. పెద్దాయన దగ్గర కూర్చోవడం ఇక్కడ పెద్దాయన వెనక తిరగడంగా మారడానికి ఎంతోకాలం పట్టదు. మొదట మాటలు వినడానికి పోతాడు. తర్వాత కారు తలుపు తీస్తాడు. తర్వాత పెళ్లిళ్లకు, పంచాయితీలకు వెంట పోతాడు. ఫోటోలో వెనక వరుసలో నిలబడతాడు. "అన్న చూసుకుంటాడు" అంటూ పాతికేళ్ల వయసు నుంచి నలభై దాకా గడిపేసిన మనుషులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఆ పదిహేనేళ్లలో వాళ్లకు ఒక్క బిల్లు రాయడం రాలేదు, ఒక్క సరుకు కొనుగోలు ధర తెలియలేదు. ఒకప్పుడు ఇదే తిరుగుడు కక్షల్లోకి లాగి ప్రాణాలు కూడా తీసింది. ఆ కాలం చాలావరకు పోయింది. తిరగడం పోలేదు. కొడుకును పెద్దాయన దగ్గరికి పంపే తండ్రి ఒక్క ప్రశ్న అడగాలి: అక్కడ మావాడు ఏం పని చేస్తాడు? దానికి జవాబు లేకపోతే పంపొద్దు.

ఇప్పుడు అసలు కోపం దగ్గరికి వస్తాను. నేర్పే పద్ధతి మన వ్యాపారులకు తెలియక కాదు. బాగా తెలుసు. మేనల్లుడు అంగట్లోకి వచ్చాడంటే వాడికి సూక్తులు చెప్పరు. పొద్దున్నే తాళాలు చేతికిచ్చి ఊడ్పించడంతో మొదలుపెట్టి, గోతాలు లెక్కపెట్టించి, కాటా దగ్గర నిలబెట్టి, వసూళ్లకు తిప్పి, చివరకు చిట్టా చేతికిస్తారు. పాతరోజుల్లో గుమాస్తాగా చేరిన కుర్రవాడు ఇట్లాగే వ్యాపారి అయ్యేవాడు. తమిళనాట నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా దాకా వడ్డీవ్యాపారం చేసింది ఈ శిక్షణ మీదే. తమ పిల్లల్ని చిన్నప్పుడే కొట్లలో కూర్చోబెట్టి లెక్కలు నేర్పి, ఏజెంట్లుగా ఏళ్ల గడువు మీద సముద్రం దాటించారు. ఎంత గొప్ప విద్య అది! కానీ కులం గడప దాటలేదు. ఇక్కడా అదే జరుగుతోంది. బంధువుల పిల్లవాడికి చిట్టా ఇస్తారు, హమాలీ కొడుకు వచ్చి "నాకూ వ్యాపారం నేర్పించు పెద్దాయనా" అంటే తలమీద చెయ్యి పెట్టి నాలుగు మంచి మాటలు చెప్పి పంపిస్తారు. ఆ మాటలు విన్నందుకు వాడు కృతజ్ఞతగా ఉండాలని మనం నేర్పుతున్నాం. వాడికి రావలసింది వాడికి చేరలేదు. ఈ మెంటర్ భజన అంతా ఆ చేరకపోవడాన్ని కప్పిపుచ్చుతోంది.

"నా లెక్కలు నేనెందుకు చూపించాలి? రేపు వాడే ఎదురుగా అంగడి పెడతాడు" అనే భయం సహజమే. పెట్టనివ్వండి. మేనల్లుడు కూడా వేరుపడి పెట్టాడు, మీరేమీ మునిగిపోలేదు. ఇంట్లో ఎంత గుట్టుగా ఉంటారో అది మీ ఇష్టం. మీ ఆస్తి వివరాలు, మీ కుటుంబ సంగతులు ఎవరూ అడగడం లేదు. ఒక సీజనులో శనగ ఎంతకు కొన్నారు, ఎన్నాళ్లు ఆపారు, ఎంత తరుగు పోయింది, ఎవరి బాకీ మునిగింది, చివరకు క్వింటా మీద ఎంత మిగిలింది అన్న లెక్క చాలు. మునిగిన బాకీ దాచకుండా చెప్తే మీరు చెప్పే వెయ్యి సూక్తులకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

దీనికి చట్టం దారి కూడా ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ముప్పై మంది, ఆ పైన పనివాళ్లున్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురు పనివాళ్లున్న చిన్న అంగడి కూడా కావాలనుకుంటే తీసుకోవచ్చు. స్టైపెండు ఇవ్వాలి, పని నేర్పాలి, కాగితం మీద గడువు ఉంటుంది. కాబట్టి ఎవరూ ఎవరి వెనకా తిరగనక్కర్లేదు. కోయిలకుంట్ల, నంద్యాల, ఆళ్లగడ్డ మార్కెట్లలో ధాన్యం, శనగ, పత్తి వ్యాపారులు, మిల్లుల యజమానులు ఈ రానున్న సీజనుకు తలా ఒక్క పిల్లవాణ్నో పిల్లనో పెట్టుకోండి. మీ బంధువు కానివాళ్లను, మీ కులం కానివాళ్లను పెట్టుకోండి. కోతల ముందు చేర్చుకుని కాటా దగ్గర నిలబెట్టండి. ఏడాది తిరిగేసరికి చిట్టా, ఆవర్జా రెండూ వాళ్ల చేతికివ్వండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కూడా ఈసారి పెద్దాయన దగ్గరికి పోయినప్పుడు ఆశీర్వాదం, ఫోటో అడగొద్దు. రేపు పొద్దున అంగడి ఎన్ని గంటలకు తీస్తారో అడగండి.